ట్రెడ్‌మిల్ మీద 9.40, గ్రౌండ్‌లో 11.15: ఆ నిమిషంన్నర ఎటు పోయింది?

చీమకుర్తి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఒంగోల్లో మేనత్త ఇంట్లో ఉంటున్న 22 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ గట్టెక్కారు. ఈవెంట్స్‌కి, అంటే పరుగు, లాంగ్ జంప్ పరీక్షలకి, ఇంకో పది వారాలు ఉండొచ్చని అనుకుంటున్నారు. సొంతూళ్లో పరిగెత్తడానికి దారి లేదు. పొద్దు పొడవక ముందే గ్రానైట్ లారీలు, రోడ్డు వారగా పేరుకున్న రాతిపొడి, వెంటపడే కుక్కలు. పాలిషింగ్ యూనిట్లో పనిచేసే వాళ్ల నాయన, "తెల్లారకముందు ఆడపిల్ల గ్రౌండుకెళ్లేదేంది" అని ఒకటే మాట. అప్పుడు మామయ్య ముందుకొచ్చి, కరోనా టైంలో కొని మేడమీద గదిలో పెట్టిన ట్రెడ్‌మిల్ వాడుకోమన్నారట. దాని మీద ఆరేసిన బట్టలు తీసి, తుడిచి, ప్లగ్గు పెట్టి మరీ ఇచ్చారు.

ఆరు వారాలుగా వారానికి ఆరు రోజులు దాని మీదే పరుగు. స్పీడు గంటకు 9.9 కిలోమీటర్లకి చేరాక ఫోన్‌లో టైమర్ నొక్కితే 1600 మీటర్లు 9 నిమిషాల 40 సెకన్లలో అయిపోతోంది. మహిళలకు గడువు 10 నిమిషాల 30 సెకన్లు కాబట్టి ధీమాగా ఉన్నారు. పోయిన ఆదివారం తోటి అమ్మాయిలతో పీవీఆర్ హైస్కూల్ గ్రౌండ్‌లో పరిగెత్తితే 11.15 వచ్చింది. స్నేహితురాలు రాసిన రౌండ్ల టైములు కూడా పంపారు: 2.10, 2.45, 3.05, 3.15. ఆ రోజు నుంచి ఇంట్లో గొడవ. "బెల్టే కాళ్లు లాగేస్తుంటే నువ్వు పరిగెత్తేదేంది?" అని అన్న ఎగతాళి. మిషన్ వల్లే చెడిపోయిందన్న మాట చెవిన పడి మామయ్య ముభావంగా ఉంటున్నారు. కింద గదిలో పడుకునే అత్తకి నెత్తిన రోకటిపోటు పడుతున్నట్టుందట. పైగా మూడు వారాలుగా ఎడమకాలి ముందెముక లోపలి వైపు నొప్పి. మిషన్ దిగగానే నేల కదులుతున్నట్టు తల తిరగడం. ఒళ్లు తేలికవుతుందని రాత్రి భోజనం మానేశానని కూడా ఒక వాక్యం రాశారు. ట్రెడ్‌మిల్ మానెయ్యాలా, మానేస్తే మామయ్యకి ఏం చెప్పాలి, ఉన్న పది వారాల్లో గట్టెక్కగలనా అన్నవి ఆమె ప్రశ్నలు. చివర్లో ఇంకోటి: "చెప్పుల్లేకుండా పరిగెత్తొచ్చా?"

అమ్మా, మీ స్నేహితురాలు రాసిన ఆ నాలుగు అంకెలు చాలా పనికొచ్చాయి. మొదటి రౌండ్ 2.10లో కొట్టారు, అంటే గంటకు 11 కిలోమీటర్ల పైన వేగం. ట్రెడ్‌మిల్ మీద మీరు ఎన్నడూ అంత వేగం పెట్టలేదు. గడువులో పూర్తి చేయడానికి ఒక్కో 400 మీటర్ల రౌండ్‌కి 2 నిమిషాల 37 సెకన్లు ఉంది. మీరు మొదటి రౌండ్‌లోనే 27 సెకన్లు ముందుకెళ్లి, ఆ అప్పును మిగతా మూడు రౌండ్లలో వడ్డీతో కట్టారు. నాలుగో రౌండ్ 3.15 అంటే మీ మొదటి రౌండ్ కన్నా 65 సెకన్లు ఎక్కువ. ఊపిరి చాలని మనిషి టైములు ఇలా ఉండవు. వేగం అంచనా లేని మనిషివే ఇలా ఉంటాయి. ఆరు వారాలు మీ కాళ్లు పరిగెత్తాయి, ఊపిరితిత్తులు పనిచేశాయి. కానీ ఎంత వేగంతో పోవాలో చూసుకునే పని మాత్రం మోటారు చేసింది. గ్రౌండ్‌లో పక్కన పదిమంది దూసుకెళ్తుంటే ఎంతలో వెళ్లాలో చెప్పేవాళ్లు లేక మీరూ దూసుకెళ్లారు.

మీ అన్న మాట సగం తప్పు, సగం ఒప్పు. "బెల్టు కాళ్లు లాగేస్తుంది కాబట్టి శ్రమ ఉండదు" అన్నది తప్పు. పినాకిని ఎక్స్‌ప్రెస్ పరుగులో ఉండగా పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే టీ అబ్బాయిని చూడండి. రైలు ఎంత వేగంతో పోతున్నా అతని కాళ్లకు ప్లాట్‌ఫాం మీద నడిచినంత పనే ఉంటుంది. బెల్టు ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపు మీ సంగతీ అంతే. వెనక్కి పోయే నేల మీద అక్కడే నిలబడాలంటే అంతే బలంతో తన్నుకోవాలి. తగ్గేది ఒక్కటే, ఎదురుగాలి. గంటకు 9, 10 కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డం తక్కువే. వాలు ఒక శాతం పెడితే సరిపోతుందని అందరూ చెప్పే సూత్రం ఇంకా వేగంగా పరిగెత్తేవాళ్లకు బాగా వర్తిస్తుంది. మీరు 1 మీద పెట్టుకుంటే నష్టం లేదు, పెట్టకపోయినా మునిగిపోయేది లేదు.

మీ అన్న మాటలో ఒప్పు సగం హ్యాండిల్ దగ్గర ఉంది. చివర్లో ఆయాసం వస్తే పట్టుకుంటానని మీరే రాశారు. పట్టుకున్న క్షణం నుంచి ఒంటి బరువులో కొంత చేతుల మీదికి పోతుంది, కాళ్లకు పని తగ్గుతుంది, డిస్‌ప్లే మాత్రం అదే వేగం చూపిస్తూ ఉంటుంది. 1600లో ఆఖరి 400 మీటర్లే అసలు పరీక్ష. ఆ 400 మీరు ఇప్పటిదాకా సొంతకాళ్ల మీద పూర్తిగా పరిగెత్తలేదన్నమాట. ఇక నుంచి హ్యాండిల్ ముట్టకండి. నిలవలేకపోతే వేగం అర కిలోమీటరు తగ్గించండి, అదీ కుదరకపోతే ఆపండి. ఆ రోజు మీ నిజమైన స్థాయి అంతే అని రాసుకోండి.

ఇక మిషన్ చూపించే అంకె సంగతి. నాలుగైదేళ్లు మూల పడి, బట్టల స్టాండుగా మారిన ఇంటి ట్రెడ్‌మిల్ మీద 9.9 అని కనిపిస్తే దాన్ని నేను నమ్మను. వేగం లెక్కపెట్టే సెన్సర్ సాధారణంగా మోటారు దగ్గరో ముందు రోలర్ దగ్గరో ఉంటుంది. రోలర్ తిరుగుతూ, దాని మీద బెల్టు జారుతుంటే సెన్సర్‌కి ఆ జారుడు తెలియదు. పాదం పడిన ప్రతిసారీ బెల్టు ఒక్క క్షణం ఆగినట్టు అనిపిస్తోందా? అయితే జారుతున్నట్టే.

కొలవడం కష్టమేమీ కాదు. ప్లగ్గు తీసి, బెల్టు అంచున చాక్‌పీస్‌తో గీత గీయండి. టేపు పెట్టి కొలుస్తూ, చేత్తో బెల్టును జరుపుతూ మళ్లీ ఆ గీత దగ్గరికి వచ్చేదాకా మొత్తం పొడవు రాసుకోండి. ఇంటి మిషన్లలో చాలావాటికి అది రెండున్నర నుంచి మూడు మీటర్ల మధ్య వస్తుంది. తర్వాత గీత మీద తెల్ల టేపు ముక్క అంటించి, డిస్‌ప్లేలో 9 పెట్టి మీరు పరిగెత్తండి. పక్కన ఒకరు ఫోన్‌లో నిమిషం వీడియో తీయాలి. మనిషి ఎక్కకుండా ఖాళీ బెల్టును కొలిస్తే ఉపయోగం లేదు, బరువు పడినప్పుడే జారుడు బయటపడుతుంది. వీడియోలో ఆ ముక్క నిమిషానికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, దాన్ని మీటర్లలో ఉన్న బెల్టు పొడవుతో గుణించి, మళ్లీ 0.06తో గుణిస్తే అసలు వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. ఉదాహరణకు బెల్టు 2.9 మీటర్లు, తిరిగింది 48 సార్లు అనుకుందాం. అసలు వేగం 8.35. చూపించేది మాత్రం 9. అదే తేడా 9.9 దగ్గర కూడా ఉంటే మీ 9.40 అసలుకి 10.25 అవుతుంది. అంటే గడువుకు ఐదు సెకన్ల ఇవతల! మీ మిషన్‌లో తేడా ఇంతే ఉంటుందని కాదు, అసలు ఉండకపోనూ వచ్చు. కొలవకుండా మాత్రం దాని మీద ఆశలు కట్టుకోకండి.

జారుతోందని తేలితే ముందు బిగువు చూడండి. బెల్టు నడిమధ్యన అంచు పట్టుకుని పైకెత్తితే ఐదారు సెంటీమీటర్లు లేవాలి. బాగా ఎక్కువ లేస్తే వదులు. వెనక రోలర్‌కి రెండు వైపులా ఉండే బోల్టులను మిషన్‌తో వచ్చిన ఎలెన్ కీతో రెండూ సమానంగా పావు చుట్టు చొప్పున బిగించాలి. ఒకేసారి రెండు చుట్లు తిప్పేస్తే బేరింగులు పాడవుతాయి. బెల్టు ఎడమకు జరుగుతుంటే ఎడమ బోల్టు పావు చుట్టు బిగించి, 4 వేగంలో ఒకట్రెండు నిమిషాలు తిరగనిచ్చి చూడాలి. తర్వాత నూనె. బెల్టు కింద వేళ్లు పెట్టి చూడండి. పొడిగా గరగరలాడితే ట్రెడ్‌మిల్ సిలికాన్ ఆయిల్ ఒక్కో వైపు 10 నుంచి 15 మిల్లీలీటర్లు బెల్టుకీ పలకకీ మధ్య వేసి, ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే వేయొద్దు. అవి జిగురై దుమ్ము పట్టి బెల్టును నమిలేస్తాయి. కొన్ని మోడళ్ల పలకకు మైనం పూత ముందే ఉంటుంది, వాటికి నూనె వద్దని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఒకసారి చూసుకోండి. మామూలు వాటికి మూడు నెలలకోసారి వేయాలి. మీలాగా వారానికి ఆరు రోజులు వాడితే ఇంకా ముందే. నూనె లేని బెల్టు మీద అరగంట పరుగంటే మోటారు వేడెక్కి, కాలిన వాసన వచ్చి, ఒకరోజు బోర్డు పోతుంది. అప్పుడు మామయ్య ముభావంతో ఆగదు.

ఇంత చెప్పానని మిషన్‌ని తీసిపారేయకండి. దాని వల్ల వచ్చేవి గ్రౌండ్‌లో దొరకడం కష్టం. కావలసిన వేగం దశాంశంతో సహా నిలబెడుతుంది. రోహిణి కార్తెలోనూ నెత్తిన ఎండ తగలదు. లారీ లేదు, కుక్క లేదు, వెకిలి చూపులు లేవు. నొప్పి పుట్టిన క్షణం ఆపితే ఇంట్లోనే ఉంటారు, గ్రౌండ్‌కి అవతలి మూల నుంచి కుంటుకుంటూ రావాల్సిన పని లేదు. చేయలేనివి కూడా ఉన్నాయి. 100 మీటర్లు 18 సెకన్లంటే గంటకు 20 కిలోమీటర్లు. ఇంటి మిషన్లు చాలావరకు 12 నుంచి 16 దగ్గర ఆగిపోతాయి, వాటి మీద స్ప్రింట్ ప్రయత్నిస్తే పళ్లు రాలతాయి. లాంగ్ జంప్ సరేసరి. 1600తో పాటు ఈ రెండింట్లో ఒకటైనా గట్టెక్కాలి కదా, నోటిఫికేషన్ మరోసారి చూసుకోండి. ఆ సాధనకైనా నేల మీదికి రాక తప్పదు.

మలుపుల లెక్క కూడా మిషన్ నేర్పదు. గ్రౌండ్‌లో లోపలి గీతకు ఒక మీటరు ఎడంగా పరిగెత్తితే రౌండ్‌కి ఆరు మీటర్ల పైచిలుకు ఎక్కువ దూరం పడుతుంది. నాలుగు రౌండ్లకు పాతిక మీటర్లు. మీ వేగంలో అది పది సెకన్లు. గుంపులో బయటివైపు చిక్కుకుపోయి అంతకంటే ఎక్కువ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. మలుపులో ఎవరినీ దాటొద్దు, నేరుగా ఉన్న చోట దాటాలి.

ఇప్పుడు కాలినొప్పి. మిగతా అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కూర్చుని, బొటనవేలితో ముందెముక లోపలి అంచును మోకాలి కింద నుంచి చీలమండ దాకా వత్తుకుంటూ రండి. జానెడు పొడవున అక్కడక్కడా నొప్పిగా ఉండి, పరుగు మొదట్లో ఎక్కువై, ఒళ్లు వేడెక్కాక తగ్గేదైతే ఎముక చుట్టూ ఉన్న పొర, కండరాలు అలిసినందువల్ల వచ్చిందని అనుకోవచ్చు. అలా కాకుండా రూపాయి బిళ్లంత ఒకే చోట చురుక్కుమంటున్నా, ఆ కాలిమీద ఒంటికాలితో గెంతితే అక్కడే పోటు వస్తున్నా, రాత్రి పడుకున్నాక సలుపుతున్నా ఎముకలో సన్నని చీలిక అయ్యుండొచ్చు. అప్పుడు పరుగు ఆ రోజే ఆపి ఎముకల డాక్టరును కలవండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు. "ఎక్స్‌రేలో ఏం లేదు" అనగానే మళ్లీ మిషన్ ఎక్కేయకండి, అనుమానం ఉంటే ఎమ్మారై తీయాలా అని అడగండి.

మొదటి రకం నొప్పే అయితే కారణం మీ ఉత్తరంలోనే ఉంది. అలవాటు లేని ఒళ్లు ఒక్కసారిగా వారానికి ఆరు రోజులు, ఒకే వేగం, ఒకే పలక, ఒకే అడుగు. నేల మీద గుంతకీ మిట్టకీ అడుగు మారుతుంది, దెబ్బ ఒక్కోసారి ఒక్కో చోట పంచుకుంటుంది. బెల్టు మీద వేల అడుగులూ అచ్చు గుద్దినట్టు ఒకే చోట పడతాయి. మీ మిషన్ బెల్టు మీద నిలబడే భాగం 120 సెంటీమీటర్లే ఉంటే అది నడకకు చేసింది. పరుగుకు 130, 140 కావాలి. పొట్టి బెల్టు మీద వెనక్కి పడిపోతామేమోనన్న భయంతో పాదాన్ని ముందుకు చాచి మడమతో దబ్బున వేస్తారు. కింద అత్తకి వినిపించే రోకటిపోటు అదేనని నా అనుమానం. అరనిమిషం మీ అడుగుల్ని లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 150 ఉంటే అదే వేగంలో 158 దాకా తీసుకెళ్లండి. చిన్న అడుగులు, ఎక్కువ అడుగులు. పాదం ఒంటి కిందికే పడుతుంది, ముందెముక మీద దెబ్బ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. పదికి మూడు దాటిన నొప్పితో పరిగెత్తకండి. ఆ రోజుల్లో 5.5 వేగంలో చురుగ్గా నడవండి. వాలు ఎక్కువ పెట్టి నడిస్తే పిక్కలు లాగుతాయి, 3 దాటొద్దు.

తల తిరగడం చాలామందికి ఉండేదే. కాళ్లు పరుగెడుతున్నాయి, కళ్లకు మాత్రం గోడ కదలడం లేదు. ఆ తికమక దిగాక నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది. ఒక్కసారిగా ఆపకుండా ఆఖరి మూడు నిమిషాలు 3 వేగంలో నడిచి దిగండి. కళ్లు చీకట్లు కమ్మినా, గుండె దడ తగ్గకపోయినా అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి. శ్లాబు కింద మేడగది మధ్యాహ్నానికి కొలిమే. ఎదురుగాలి లేకపోతే చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేగం మార్చకపోయినా గుండె వేగం పెరుగుతూనే పోతుంది. సీలింగ్ ఫ్యాన్ చాలదు, స్టాండ్ ఫ్యాన్ ఎదురుగా పెట్టండి, కిటికీలు తెరవండి, పొద్దున్నే కానివ్వండి. దిగాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి.

రాత్రి అన్నం మానడం మాత్రం ఇవాళే ఆపండి. తిండి తగ్గించి పరుగు పెంచితే ముందు పోయేది కొవ్వు కాదు, సత్తువ. నెలసరి తప్పుతున్నా, బాగా వెనక్కి జరుగుతున్నా ఎముకలు బలహీనపడుతున్నాయేమోనని చూసుకోవాలి, కాలినొప్పితో కలిపి డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, పీహెచ్‌సీలోనే చేస్తారు. 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కడానికి అదీ ఒక కారణం కావొచ్చు. సంగటి, గుడ్డు, చేప, పప్పు, గుప్పెడు వేరుశనగపప్పు, ఏది కుదిరితే అది. ఐరన్ మాత్రలు ఇస్తే టీతో, పాలతో వేసుకోకండి.

ఇక ఏం చేయాలన్నది. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొత్తం పది వారాలూ మేడమీదే ఉండిపోవచ్చు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. మిషన్ లెక్క సరిచేసుకుని, హ్యాండిల్ వదిలేస్తే మీ దమ్ము కచ్చితంగా పెరుగుతుంది. కానీ ఈవెంట్స్ రోజున మళ్లీ 2.10తో మొదలుపెట్టే ప్రమాదం అలాగే ఉంటుంది. నేలమీద నాలుగైదుసార్లయినా పరిగెత్తకుండా వెళ్లడాన్ని నేను జూదం అంటాను.

రెండోది, మిషన్ పూర్తిగా మానేసి రోజూ గ్రౌండ్‌కి వెళ్లడం. వేగం అంచనా తొందరగా వస్తుంది, గుంపులో పరుగు అలవాటవుతుంది. అయితే నొప్పి ఉన్న కాలితో ఒక్కసారిగా గట్టినేల మీద వారానికి ఆరు రోజులంటే మూడో వారంలో మంచం మీద ఉంటారు. కొత్తపట్నం బీచ్ ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని అక్కడికి పోవద్దు. వదులు ఇసుకలో పిక్కలు, మడమ వెనక నరం లాగేస్తాయి. నాయనతో గొడవ కూడా ఈ దారిలోనే ఎక్కువ.

మూడోది కలిపి చేయడం. కాలు మొదటి రకం నొప్పే అయితే నా మొగ్గు ఇటే. మొదటి రెండు వారాలు పరుగు సగానికి తగ్గించి కాలు చక్కబెట్టుకోండి. మిషన్ కొలత, నూనె పని ఈలోగా అయిపోతుంది. తర్వాత వారానికి నాలుగు రోజులే పరుగు, రెండు మిషన్ మీద, రెండు గ్రౌండ్‌లో. మిషన్ మీద ఒక రోజు అసలు వేగం 9.6లో 400 మీటర్లు, అంటే రెండున్నర నిమిషాలు పరుగు, నిమిషంన్నర నడక, ఇలా నాలుగుతో మొదలుపెట్టి ఆరు దాకా. ఇంకో రోజు 7.5 వేగంలో మాట్లాడగలిగేంత తీరిగ్గా పాతిక నిమిషాలు. గ్రౌండ్‌లో ఒక రోజు 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు నడక. అక్కడ చూడాల్సింది ఎంత వేగం అని కాదు, ప్రతి 100 మీటర్లకీ 38, 39 సెకన్లే పడుతోందా అని. 35 వచ్చిందంటే తప్పు చేసినట్టే, మళ్లీ మొదలు. రెండో రోజు తీరిగ్గా పరిగెత్తాక 60 మీటర్ల స్ప్రింట్లు నాలుగు, జంప్ సాధన. రెండు వారాలకోసారి పూర్తి 1600. మొదటి మూడు రౌండ్లు 2.34, 2.35, 2.35 దగ్గర పట్టుకుని నాలుగోది 2.30లో తెస్తే 10.14 అవుతుంది, పదహారు సెకన్లు చేతిలో ఉంటాయి. ఆఖరి మూడు వారాల్లో గ్రౌండ్ మూడు రోజులు, మిషన్ ఒక రోజు. చివరి వారం సగమే. ఈ దారిలో ఇబ్బంది ఒకటుంది. నెమ్మదిగా మొదలుపెట్టి, పక్కవాళ్లు దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. కాలినొప్పి తగ్గడానికి నాలుగైదు వారాలు పడితే లెక్క బిగుసుకుంటుంది కూడా. అప్పుడు పూర్తి 1600లు మూడే చేయగలుగుతారు.

ఇంటి సంగతికొస్తే, ట్రెడ్‌మిల్ మంచిదా చెడ్డదా అన్న చర్చ మీ ఇంట్లో పెట్టకండి. మామయ్య నొచ్చుకున్నది మిషన్ గురించి కాదు, తను ఇచ్చిన చెయ్యి పనికిరాదన్నారని. బెల్టు కొలిచేటప్పుడు ఆయన్నే టేపు పట్టుకోమనండి. అంకె తేడా ఉంటే ఆయనే కనుక్కుంటారు, మీరు చెప్పాల్సిన అవసరం ఉండదు. తర్వాత వారానికి రెండు రోజులు పొద్దున గ్రౌండ్‌కి వచ్చి స్టాప్‌వాచ్ పట్టుకోమని అడగండి. ప్రతి 100 మీటర్లకీ "ముప్పై తొమ్మిది" అని కేకేసే మనిషి మీకు నిజంగానే కావాలి. మామయ్య పక్కన ఉంటే నాయన అభ్యంతరంలో బరువూ తగ్గుతుంది. అప్పటికీ ఆయన ఒప్పుకోకపోతే చీకట్లోనే వెళ్లాలన్న పట్టు మీరు వదిలేయండి. ఐదున్నర దాటాక, వాకర్స్ నిండుగా ఉన్నప్పుడు వెళ్లొచ్చు. కొంచెం ఎండ తగులుతుంది, అంతే. ఆయన భయం ఉత్తదని వాదించకండి. ఎవరితో వెళ్తారో, ఎన్నింటికి వస్తారో చెప్పండి.

అత్త కోసం మిషన్‌ని గది నడిమధ్య నుంచి గోడ వారకు, దూలం మీదికి వచ్చేలా జరిపి, కింద సెంటీమీటరు మందం రబ్బరు మ్యాట్ వేయండి. అదురు చాలావరకు తగ్గుతుంది. జరిపేటప్పుడు వెనక వైపు మాత్రం గోడ ఉండకూడదు, రెండు మీటర్లు ఖాళీ వదలాలి. జారిపడితే బెల్టు మిమ్మల్ని వెనక్కే విసురుతుంది. ఊడితే మిషన్‌ని ఆపేసే సేఫ్టీ కీ క్లిప్పు టీషర్టుకి పెట్టుకోకుండా ఎక్కొద్దు. చున్నీ వేసుకుని అసలే ఎక్కొద్దు, వెనక రోలర్ దాన్ని చుట్టేసుకుంటుంది. ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్‌లో నేరుగా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. కరెంటు తరచూ పోయే వేళల్లో పరుగు పెట్టుకోకండి, బెల్టు నిలిచిపోయినా ఒళ్లు ముందుకు తూలుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే దిగగానే కీ తీసి దాచండి.

చెప్పుల్లేకుండా సంగతి. బెల్టు మీద వద్దు. ఐదు నిమిషాలకే వేడెక్కి అరికాలు బొబ్బలెక్కుతుంది. గ్రౌండ్‌లో ఉత్తకాళ్లతో పరిగెత్తాలంటే కనీసం కొన్ని నెలల అలవాటుండాలి, మీకు ఉన్నది పది వారాలు, అందులో కాలు నొప్పి. బూట్లతోనే పరిగెత్తండి. ఖరీదైనవి అక్కర్లేదు. బొటనవేలికి ముందు అరంగుళం ఖాళీ, మడమ దగ్గర మెత్తదనం ఉంటే చాలు. కొత్తవి కొంటే ఈ నెలలోనే కొని, మేడమీదా గ్రౌండ్‌లోనూ అవే వాడి, ఈవెంట్స్‌కీ అవే వేసుకెళ్లండి.